దాచిపెట్టడం వేరు, చూడటం వేరు



పోయిన చలికాలం నుంచీ ఆదివారం సాయంత్రాలు మన గుడి బేస్‌మెంట్‌లో కొద్దిమందిమి కూర్చుని పాత వీడియో టేపులను కంప్యూటర్లోకి ఎక్కిస్తున్న సంగతి మీలో చాలామందికి తెలుసు. మొదట గుడి టేపులతో మొదలుపెట్టాం. తర్వాత సభ్యులు ఇళ్ళల్లోవి తేవడం మొదలుపెట్టారు. పెళ్ళిళ్ళు, బారసాలలు, ఒడుగులు, పిల్లల మొదటి పుట్టినరోజులు, గృహప్రవేశాలు. అట్టపెట్టెల్లో కొన్ని, ప్లాస్టిక్ సంచుల్లో కొన్ని. తెచ్చినవారందరూ అడిగే ప్రశ్నలు రెండే. ఎంతవుతుంది? ఎప్పటికవుతుంది?

నేను ఇక్కడ రాయదలచుకున్నది ఎవరూ అడగని మరో రెండు ప్రశ్నల గురించి. ఒకటి, ఇవన్నీ ఎవరికోసం దాస్తున్నాం? రెండు, దాచేటప్పుడు మనకు నచ్చని ముక్కలు కత్తిరించే హక్కు మనకుందా? ఈ ప్రశ్నలు నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మా ఇంట్లోనే దొరికిన ఒక టేపులోంచి వచ్చాయి. ఆ సంగతి చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. అయినా చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

ముందు టేపుల సంగతి. వి.హెచ్.ఎస్. టేపు జపాన్‌లో 1976లో, ఈ దేశంలో 1977లో వచ్చింది. మన దగ్గర 1982లో ఢిల్లీ ఏషియాడ్‌తో కలర్ టీవీ వచ్చాక, ఆ తర్వాత నాలుగైదేళ్ళకి పెళ్ళి అంటే వీడియో ఉండాల్సిందే అన్నంతగా పాకింది. పెళ్ళిపీటల మీద వధూవరుల కళ్ళు చెదిరేలా ఆ పెద్ద లైటు, మంత్రాల మీద సినిమా పాటలు, అమ్మాయి ముఖం తామరపువ్వులోంచి బయటికి రావడం, ఇవన్నీ మీకు గుర్తుండే ఉంటాయి.

ఆ టేపు లోపల ఉన్నది పలచటి పాలిస్టర్ పట్టీ. దాని మీద అయస్కాంత గుణమున్న పొడిని ఒక రకమైన జిగురుతో అతికించి ఉంచుతారు. మన పెళ్ళి, మన పిల్లవాడి తొలి అడుగు ఆ పొడిలోనే ఉన్నాయి. ఏళ్ళ తరబడి గాలిలోని తేమ పీల్చి ఆ జిగురు పాడవుతుంది. అప్పుడు పొడి రాలుతుంది, లేదా పట్టీ మిషన్ తలకి అంటుకుపోతుంది. చెమ్మ ఉన్న బేస్‌మెంట్‌లో పెట్టినవాటికి బూజు పడుతుంది. టేపు బాగున్నా, దాన్ని ఆడించే మిషన్ దొరకడం కష్టమవుతోంది. చివరిదాకా వి.సి.ఆర్.లు తయారుచేస్తూ వచ్చిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జూలైలో ఆ పని ఆపేసింది. ఇప్పుడు నడుస్తున్నవన్నీ పాతవే. ఒక్కోటే మూలపడుతున్నాయి. ఇది మన ఇళ్ళ సమస్య మాత్రమే కాదు. సినిమాలు, రేడియో, టీవీ రికార్డులు ఇలా నశించిపోతున్నాయనే యునెస్కో 2005లో అక్టోబరు 27ని దృశ్యశ్రవణ వారసత్వ దినంగా ప్రకటించింది. తరచుగా అది మన దసరా దీపావళి రోజుల దగ్గరలోనే పడుతుంది.

ఇంకొక చిక్కు మనలాంటి ప్రవాసులకి ప్రత్యేకమైనది. ఇండియాలో అప్పటి టీవీ పద్ధతి పేరు పాల్. బొమ్మకి 625 గీతలు, సెకనుకి 25 బొమ్మలు. అమెరికాలో అప్పట్లో ఎన్.టి.ఎస్.సి. పద్ధతి ఉండేది. 525 గీతలు, సెకనుకి దాదాపు 30 బొమ్మలు. టేపు ఒకటే, పెట్టె ఒకటే, చూడటానికి తేడా ఏమీ తెలియదు. కాని అక్కడ తీసిన టేపు ఇక్కడి మామూలు వి.సి.ఆర్.లో పెడితే తెర మీద గీతలు పరుగెత్తుతాయి, బొమ్మ కుదరదు. గల్ఫ్‌లో చాలా దేశాల్లోనూ, మలేషియాలోనూ ఉన్నవారికి ఈ బాధ ఉండేది కాదు, వాళ్ళదీ పాలే. మనకి మాత్రం అన్ని పద్ధతులూ ఆడించే ఖరీదైన మిషన్ కావాలి, లేదా ఎవరిచేతనైనా మార్పించుకోవాలి.

నా కథ ఇక్కడే మొదలవుతుంది.

నేను 1987లో ఈ దేశం వచ్చాను. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. 1992లో మా ఊరివైపు నుంచి వస్తున్న ఒక మిత్రుడి చేత నాన్నగారు ఒక టేపు పంపారు. పైన కాగితం అంటించి, తన చేతి రాతతో నా పేరు, 'ఇల్లు, చేను' అని రాశారు. తెనాలి నుంచి పెళ్ళి వీడియోలు తీసే అతన్ని పిలిపించి తీయించారట. ఇంటికి తీసుకొచ్చి వి.సి.ఆర్.లో పెట్టాను. గీతలు తప్ప ఏమీ కనబడలేదు. మాటలు కూడా తెలియలేదు.

మార్చి ఇచ్చే షాపులు ఆ రోజుల్లోనూ ఉన్నాయి. మేం సరుకులు కొనే ఇండియన్ షాపులోనే ఆ బోర్డు ఉండేది. కాబట్టి వీలు లేకపోయింది అని చెప్పడానికి లేదు. ఈ శనివారం, వచ్చే శనివారం అనుకుంటూ గడిపేశాను. ఈలోగా ఫోను. నిమిషాలు లెక్కపెట్టుకుని మాట్లాడే రోజులు అవి.

"టేపు అందిందా?" అన్నారు నాన్నగారు.

"అందింది నాన్నా."

"చూశావా?"

"చూశాను నాన్నా, చాలా బాగుంది."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మరి ఏమన్నా చెప్పాలా?" అని అడిగారు.

"ఏమీ లేదు నాన్నా, అంతా బాగుంది" అన్నాను.

"సరే" అన్నారు.

ఆ తర్వాత ఆ టేపు సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. 1994లో ఇండియా వెళ్ళి వచ్చాను. 1995లో నాన్నగారు పోయారు. టేపు మాత్రం ఇల్లు మారినప్పుడల్లా నాతో మారుతూ, ముప్ఫై ఏళ్ళు అట్టపెట్టెలోనే ఉంది. పారేయలేదు. ఒక్కోసారి పెట్టె సర్దుతూ, నాన్నగారి చేతి రాత చూసి జాగ్రత్తగా మళ్ళీ లోపల పెట్టేవాడిని. నేను దాన్ని భద్రంగా దాచాననే అనుకున్నాను.

గుడి పని కోసం పాల్ టేపులు ఆడించే వి.సి.ఆర్. ఒకటి సంపాదించాక, ఒక ఆదివారం అందరూ వెళ్ళిపోయాక నా టేపు పెట్టాను. ఈ పనిలో ఒక విశేషం ఉంది. గంటన్నర టేపు కంప్యూటర్లోకి ఎక్కాలంటే గంటన్నర పడుతుంది. తొందరపెట్టడానికి వీల్లేదు. అది ఆడుతున్నంతసేపూ మనం కూర్చోవాలి.

వసారాలో పడక్కుర్చీ వెనక్కి వాలకుండా నిటారుగా కూర్చుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాన్నగారు నా వంక చూస్తూ మాట్లాడారు. ఇల్లంతా తిప్పి చూపించారు. బావి గట్టుకి సిమెంటు చేయించారట. గేదె ఈనిందట. అమ్మ తెర మీదికి రానని మొరాయించి, చివరికి వంటింటి గుమ్మం పట్టుకుని నుంచుని, "వేళకి తింటున్నావా" అని ఒక్క మాట అడిగి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పెరట్లో కట్టుబడి. కొత్త గోడలు నడుమెత్తు లేచి ఉన్నాయి. నాన్నగారు గోడ మీద చెయ్యి వేసి చెప్పారు. "ఈ గది నీకూ, కోడలికీ. మీరు వచ్చినప్పుడు ఇబ్బంది లేకుండా వేయిస్తున్నాను. కిటికీ తూర్పుకి పెట్టించమంటావా, ఉత్తరానికా? మేస్త్రి అడుగుతున్నాడు. టేపు చూడగానే చెప్పు, అప్పటిదాకా గోడ ఆపుతాను."

ఆ ఫోనులో "మరి ఏమన్నా చెప్పాలా?" అని ఆయన అడిగింది దీని గురించి. నేను చూడలేదని ఆయనకి ఆ నిమిషంలోనే తెలిసిపోయి ఉంటుంది.

1994లో నేను ఆ గదిలోనే మూడు వారాలు పడుకున్నాను. దాని కిటికీ తూర్పుకే ఉంది.

ఇక మొదటి ప్రశ్నకి వస్తాను. ఎవరికోసం దాస్తున్నాం?

దసరాకి ముందు వచ్చే పదిహేను రోజులు, భాద్రపద బహుళ పక్షం, మహాలయ పక్షం. పితృదేవతలకు సంబంధించిన రోజులు. ఈ పక్షం గురించి కర్ణుడి కథ ఒకటి చెబుతారు. మరణించి పైలోకానికి వెళ్ళిన కర్ణుడికి ఆకలి వేసింది. పళ్ళెంలో తినడానికి ఏది పెట్టినా బంగారమే అయింది. ఎందుకని అడిగితే, నువ్వు బతికినన్నాళ్ళూ బంగారం దానం చేశావు గాని పితరులకు పిడికెడు అన్నం పెట్టలేదు అన్నారట. అప్పుడు అనుమతి తీసుకుని పదిహేను రోజులు భూమికి తిరిగి వచ్చి అన్నదానం, తర్పణం చేసి వెళ్ళాడు. ఆ పదిహేను రోజులే మహాలయం అని.

చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడు కర్ణుడికి అన్యాయం జరిగిందనిపించేది. బంగారం అన్నం కంటే విలువైనది కదా! ఇప్పుడు అర్థమవుతోంది. బంగారం ఇవ్వడం చెయ్యి చాపితే అయిపోతుంది. అన్నం పెట్టడమంటే వండాలి, వడ్డించాలి, ఎదుటివాడు తినేదాకా దగ్గర ఉండాలి. నేను నాన్నగారి టేపుని బంగారంలా దాచాను. ఆయనకి కావలసింది గంటన్నర సేపు నా కళ్ళు, ఒక్క మాట సమాధానం. అది పెట్టలేదు.

శ్రద్ధతో చేసేదే శ్రాద్ధం అంటారు పెద్దలు. ఇక్కడ శ్రద్ధ అన్న మాటని పట్టుకుంటే ఈ టేపుల సంగతీ తేలిపోతుంది. అరవై టేపులు ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించి, ఆ డిస్కుని బీరువాలో పెడితే, అట్టపెట్టె చిన్నదయిందే తప్ప మరేమీ జరగలేదు. రూపం మారింది, నిర్లక్ష్యం మారలేదు. నలుగురూ కలిసి కూర్చుని ఒక్క టేపు చూసి, 'ఈవిడ ఎవరు, ఆయన మనకి ఏమవుతారు' అని పిల్లలు అడిగి, మనం చెప్పినప్పుడే ఆ పని పూర్తయినట్టు.

దీనికి ఎదురుప్రశ్న ఒకటి ఉంది. మన గుడి ఉపన్యాసాల్లో వేదాంతం ఇష్టంగా వినే ఒక పెద్దాయన నన్ను అడిగారు. "శరీరాన్నే అగ్నికి ఇచ్చేస్తాం మనం. ఎముకలు కూడా దాచుకోం, నీళ్ళలో కలుపుతాం. అలాంటిది పోయినవాళ్ళ నీడలు దాచుకోవడం మోహం కాదుటండీ?" సులువుగా తోసేయగల ప్రశ్న కాదు. పోయిన భర్త పెళ్ళినాటి టేపు రోజూ చూసుకుంటూ, బయటికి రావడం మానేసినవారిని నేను ఎరుగుదును. అది మోహమే. గీతలో పదిహేనో అధ్యాయంలో భగవంతుడు జ్ఞాపకం తన వల్లనే కలుగుతుందని చెబుతూ, మరపు కూడా తన వల్లనేనని చెప్పాడు. మరపు కూడా ఒక వరమే.

అయితే మన సంప్రదాయం ఈ విషయంలో ఒక కొలత పెట్టిందని నాకనిపిస్తుంది. తర్పణం విడిచేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత, మూడు తరాల వారిని పేరు పేరునా తలుస్తాం. ఆ పైవారు పేరు లేకుండా పితృగణంలో కలిసిపోతారు. అంటే, మూడు తరాలు పేరు మరవద్దు, ఆ పైన పట్టుకుని వేలాడవద్దు అని. టేపుల విషయంలోనూ ఇదే కొలత నేను పెట్టుకున్నాను. మా మనవలకి వాళ్ళ ముత్తాత ముఖం, గొంతు, నడక తెలియాలి. ఆయన పంపిన ప్రతి నిమిషం, నేను తీసిన ప్రతి డిస్నీ వరల్డ్ టేపు శాశ్వతంగా ఉండనక్కర లేదు. అన్నీ దాచాలన్న పట్టుదల వల్లనే చాలామంది ఏదీ మొదలుపెట్టలేకపోతున్నారు. ఇంటికి అయిదు టేపులు ఎంచుకోండి. చాలు.

ఇక రెండో ప్రశ్న. కత్తిరించవచ్చా?

నాన్నగారి టేపు చివర, వీడియో అతను ఆపేశాడనుకుని ఆయన అన్న మాటలు ఉన్నాయి. మా అన్నయ్య గురించి. మెరక చేను అమ్మి తెనాలిలో వ్యాపారం పెట్టాలని అన్నయ్య అప్పుడు పట్టుబట్టాడు. "నేను పోయేదాకా ఆగే ఓపిక లేదు వాడికి" అన్నారు నాన్నగారు. ఇంకో మాట కూడా అన్నారు, అది ఇక్కడ రాయను. అంతా కలిపి నలభై సెకన్లు.

నాన్నగారి చివరి రోజుల్లో మంచం దగ్గర ఉన్నది అన్నయ్యా, వదినా. నేను కర్మ రోజులకి చేరాను. అలాంటివాడికి ఈ మాట ముప్ఫై ఏళ్ళ తర్వాత వినిపించడమా? కంప్యూటర్లో అయితే మౌసుతో ఆ నలభై సెకన్లు గుర్తుపెట్టి, ఒక మీట నొక్కితే చాలు. ఎప్పుడూ లేనట్టే అయిపోతుంది. వేలు మీట దాకా వెళ్ళింది కూడా.

మనుస్మృతి నాలుగో అధ్యాయంలో అందరూ ఎరిగిన ఒక ధర్మం ఉంది. సత్యం చెప్పాలి, ప్రియంగా చెప్పాలి. సత్యమే అయినా అప్రియమైనది చెప్పకూడదు. ప్రియమైనదే అయినా అసత్యం చెప్పకూడదు. చివరి భాగం సౌకర్యంగా మరిచిపోయి, అప్రియం చెప్పకూడదన్న ముక్క మాత్రం మనం గుర్తుపెట్టుకుంటాం. "చూశాను నాన్నా, చాలా బాగుంది" అన్నది ప్రియమైన అసత్యం. దానివల్ల ఎవరికీ నష్టం లేదనుకున్నాను. నష్టం ఏమిటో ఆ గోడ దగ్గర నిలబడి సమాధానం కోసం ఎదురుచూసిన మనిషికి తెలుసు. ఇప్పుడు ఆ నలభై సెకన్లు చెరిపేస్తే ఇంకో ప్రియమైన అసత్యం అవుతుంది. చెరపకుండా అన్నయ్య ముందు పెడితే అప్రియమైన సత్యం. రెంటికీ మధ్య దారి ఏది?

నాకు భవభూతి ఉత్తరరామచరితం గుర్తొచ్చింది. అందులో మొదటి అంకంలో లక్ష్మణుడు, అన్నావదినలకు వాళ్ళ గతమంతా గోడ మీద వేయించిన బొమ్మల్లో చూపిస్తాడు. దాదాపు పదమూడు వందల ఏళ్ళ క్రితం రాసిన నాటకంలో అచ్చంగా మన ఇంటి వీడియో చూడటమే! మిథిలలో పెళ్ళి, పరశురాముడు, అడవి, పంచవటి వరసగా వస్తాయి. లక్ష్మణుడు ఒకచోట "ఇదిగో మంథర" అంటాడు. రాముడు జవాబు చెప్పకుండా పక్క బొమ్మకి వెళ్ళిపోయి, శృంగిబేరపురంలో గుహుణ్ణి కలిసిన చెట్టును సీతకి చూపిస్తాడు. కైకేయి కథని అన్నగారు దాటేశారని లక్ష్మణుడు లోలోపల అనుకుంటాడు.

రాముడు ఆ బొమ్మని దాటేశాడు. చెరిపించమనలేదు. బొమ్మ గోడ మీదే ఉంది. ఆ వేళ, ఆ మనసుతో ఉన్న సీత ముందు దాన్ని చూడనక్కర లేదని మాత్రమే అనుకున్నాడు. దాటేయడం దయ. చెరిపేయడం వేరు. ఆ తేడాలోనే నాకు దారి దొరికింది. ఇంకొక విషయం కూడా గమనించాలి. దాటేసినవాడు ఎవరు? కైకేయి వల్ల నష్టపోయినవాడే. చిత్రకారుడు తనంతట తాను ఆ బొమ్మ వదిలేయలేదు. టేపు ఎక్కించేవాణ్ణి నేను చిత్రకారుణ్ణి మాత్రమే. దాటాలా వద్దా అని చెప్పవలసింది అన్నయ్య.

ఆ రాత్రే అన్నయ్యకి ఫోను చేశాను. ముందు నా అబద్ధం సంగతి చెప్పాను. అవతల నవ్వు వినిపించింది.

"నాన్నకి తెలుసురా. ఆ రోజు ఫోను పెట్టేసి, 'వాడు చూడలేదు' అన్నారు. కోపంగా ఏమీ అనలేదు. ఇంకొక టేపు తీయిద్దామా అంటే మాత్రం వద్దన్నారు. మర్నాడు మేస్త్రిని పిలిచి కిటికీ తూర్పుకి పెట్టమన్నారు. వాడు పొద్దున లేవడు, ముఖం మీద ఎండ పడితే లేస్తాడు అని."

కాసేపు నేను మాట్లాడలేకపోయాను. మూడు వారాలు ఆ ఎండకే లేచాను. నాన్నగారు పక్కనే వసారాలో కాఫీ తాగుతూ ఉండేవారు. ఒక్కసారి కూడా అనలేదు. మనుధర్మం పూర్తిగా పాటించింది ఆయన.

తర్వాత రెండో సంగతి చెప్పాను. "చివర్లో నీ మీద కోపంతో నాన్న అన్న మాటలు కొన్ని ఉన్నాయి. బాగాలేవు. పంపమంటావా, తీసేసి పంపమంటావా?"

అన్నయ్య వెంటనే చెప్పలేదు. కాస్త ఆగి, "చేను గురించేనా?" అన్నాడు. అవునన్నాను. "అన్నీ పంపు. నాకు కొత్తా ఆ తిట్లు! మంచాన పడ్డాక మాట పడిపోయింది ఆయనకి. తిట్టే గొంతయినా మళ్ళీ వింటాను. పిల్లలకి ఇచ్చేదాంట్లో మాత్రం ఆ ముక్క వద్దు. వాళ్ళకి తాతయ్య గురించి తెలిసింది తక్కువ. తెలిసిన కొంచెంలో ఇది పెద్దదైపోతుంది" అన్నాడు.

అలాగే చేశాం. అసలు టేపు పూర్తిగా ఎక్కించి, ఒక్క సెకను తీయకుండా నా దగ్గరా, అన్నయ్య దగ్గరా ఉంచాం. పిల్లలకి ఇచ్చిన ప్రతిలో ఆ నలభై సెకన్లు లేవు. అవి ఉన్నాయని, పెద్దయ్యాక కావాలంటే అడగవచ్చని మాత్రం వాళ్ళకి చెప్పాం. పిల్లలకి అబద్ధం చెప్పినట్టు కాలేదు, అన్నయ్య మాట తీసేసినట్టూ కాలేదు.

దీన్నిబట్టి ఇప్పుడు గుడిలో మాకు మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒక కుటుంబం వారు పెళ్ళి టేపు తెచ్చి, తర్వాత విడిపోయిన కోడలు కనిపించే చోటల్లా తీసేయమని అడిగారు. వారి బాధ అర్థం చేసుకోదగిందే. అయినా ఆ పెళ్ళిలో కన్నవాళ్ళకి నమస్కారం పెడుతున్న ఆ అమ్మాయి ఒక పిల్లవాడికి తల్లి. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ పిల్లవాడు వచ్చి మా అమ్మ ఏదీ అంటే? అందుకని, అసలు ప్రతి పూర్తిగా చేసి ఇస్తాం, చూసుకోవడానికి మీరు ఏ ముక్కలు కోసుకున్నా మీ ఇష్టం, మూలాన్ని మాత్రం కొయ్యం అని చెప్పాం. మొదట కొంచెం కష్టపెట్టుకున్నారు. తర్వాత ఒప్పుకున్నారు. అలాగే, టేపులో ఉన్న పదిమందినీ అడగకుండా ఇంటర్నెట్టులో పెట్టవద్దని కూడా చెబుతున్నాం. వంటింట్లో నలిగిన చీరతో దొరికిపోయిన మేనత్తగారు ఆనాడు ఇంటివాళ్ళకే కదా నవ్వింది, ప్రపంచానికి కాదు.

చివరగా, ఈ సెలవుల్లో మొదలుపెట్టాలనుకునేవారికి నాలుగు మాటలు.

తెల్లటి బూజు కనిపించిన టేపుని ఇంట్లో మిషన్‌లో పెట్టకండి. మిషనూ పాడవుతుంది, తర్వాత పెట్టే టేపులూ పాడవుతాయి. అది తెలిసినవారికి ఇవ్వండి. ఏ టేపు వెనకైనా ఉండే చిన్న ప్లాస్టిక్ పలక ముందు విరిచేయండి, పొరపాటున దాని మీద ఇంకోటి రికార్డు కాదు. ఒక ఇంట్లో తాతగారి షష్టిపూర్తి మీద ఫుట్‌బాల్ మ్యాచ్ ఎక్కింది, ఇక అది రాదు. అసలు ప్రతిని డి.వి. పద్ధతిలో ఉంచితే గంటకి సుమారు 13 జి.బి. పడుతుంది. చూసుకునే ఎంపీ4 ప్రతికి గంటకి 2 జి.బి. చాలు. ఇంట్లో కాల్చిన డి.వి.డి.లను నమ్ముకోకండి, వాటి రంగుపొర కూడా కాలక్రమేణా చెడుతుంది. మూడు ప్రతులు, రెండు వేర్వేరు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్ళో బంధువుల దగ్గర. నాలుగైదేళ్ళకొకసారి కొత్త డిస్కులోకి మార్చండి. టేపులు ఎక్కించాక కూడా అసలువి వెంటనే పారేయకండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే వాళ్ళని కూర్చోబెట్టి టేపు చూపించి, ఎవరెవరో పేర్లు రాసుకోండి. బొమ్మ పోతే బాగు చేసేవారు దొరకవచ్చు. పేరు పోతే ఎవరూ తేలేరు.

దీపావళి రోజున మన ఇళ్ళల్లో గోగుకాడలకి నూనెగుడ్డలు చుట్టి వెలిగించి, పిల్లల చేత దివిటీలు పట్టిస్తాం. అవి పితృదేవతలకు దారి చూపడానికని పెద్దలు చెబుతారు. ఈసారి దివిటీలు అయ్యాక, పిల్లలు కాళ్ళు కడుక్కుని తీపి తిన్నాక, వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని ఒక టేపు పెట్టండి. పూర్తిగా చూడండి. అందులో ఎవరైనా మిమ్మల్ని ఏదైనా అడుగుతున్నారేమో వినండి.

మా ఇంట్లో ఆ రోజు నాన్నగారి టేపు పెట్టబోతున్నాం. కిటికీ సంగతి వచ్చినప్పుడు, తూర్పుకే పెట్టించండి నాన్నా అని మా మనవడి చేత చెప్పిస్తాను. ఆలస్యమైంది. అయినా అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పాలి కదా.